పట్టుకోవడానికి ఒక కమ్మి

(అనంతపురంలో మహిళా కార్యకర్తల శిక్షణ సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



వృద్ధ స్త్రీలు, వికలాంగ స్త్రీల హక్కుల మీద మాట్లాడమని నన్ను పిలిచారు. చట్టాల గురించి తప్పకుండా చెబుతాను. అయితే ముందుగా బచ్చలి గురించి మాట్లాడాలి. ఎందుకంటే మనం సాధించుకున్న చట్టాల్లో చాలా భాగం ఇంటి గడప దాకా వచ్చి ఆగిపోయాయి. గడప లోపల ఒక ముసలమ్మ నీళ్లు పోసుకుని పైకి లేవాలంటే చేతికి ఏం దొరుకుతుందో ఒకసారి చూడండి. బకెట్ అంచు దొరుకుతుంది. కుళాయి దొరుకుతుంది. కోడలి భుజం దొరుకుతుంది. ఏదీ లేకపోతే తడి గోడ ఉంటుంది. మనిషి బరువు మోయడానికని పెట్టినది మాత్రం ఒక్కటీ ఉండదు.

ఆ లేని వస్తువు గురించే ఇవ్వాళ నేను చెప్పదలచుకున్నాను. షాపుల్లో దాన్ని గ్రాబ్ బార్ అంటారు. మన ఊళ్లలో పట్టుకునే కమ్మి అంటే అందరికీ అర్థమవుతుంది. గోడకో, నేలలోనో గట్టిగా బిగించిన ఒక గొట్టం. ఇంత చిన్న విషయానికి ఇంత పెద్ద సమావేశంలో చోటు కావాలా అని కొందరికి అనిపించవచ్చు. కావాలనే నా అభిప్రాయం. ఎందుకో చెబుతాను.

"కాలు జారి పడింది"

మన కార్యకర్తలకు బాగా పరిచయమైన మాట ఒకటుంది: "బచ్చలిలో కాలు జారి పడింది." ఆస్పత్రి చీటీలో, పంచనామాలో, అత్తింటివాళ్ల నోట ఈ మాట ఎన్నిసార్లు విన్నామో లెక్కలేదు. విరిగిన చేతికీ, పగిలిన తలకూ ఇదే కారణంగా చెబుతారు. ఈ మాటను వెంటనే నమ్మకూడదని ఉద్యమంలో మనం నేర్చుకున్నాం. దెబ్బ ఎక్కడ తగిలింది, ఎప్పుడు తగిలింది, ఆ సమయంలో ఇంట్లో ఎవరున్నారు అని ఆమెను విడిగా కూర్చోబెట్టి అడుగుతాం. 2005లో గృహహింస చట్టం వచ్చిందంటే అలా అడిగిన స్త్రీల వల్లే వచ్చింది. ఆ అనుమానాన్ని ఎప్పుడూ వదులుకోవద్దు.

అయితే ఆ మాట నిజమైన సందర్భాలు కూడా ఉన్నాయి. అరవై, డెబ్బై ఏళ్ల స్త్రీ నిజంగానే జారి పడుతుంది. పోలియో వచ్చిన కాలితో ఉన్న స్త్రీ నిజంగానే తూలి పడుతుంది. అప్పుడు కొట్టినవాడు లేడు కాబట్టి కేసు లేదు, కేసు లేదు కాబట్టి విషయం లేదు అనుకుంటారు. వయసైపోయింది, కర్మ అంటారు. కానీ ఆ గదిలో నున్నటి బండ పరిచినవారు ఒకరున్నారు. అడుగున్నర ఎత్తున మెట్టు కట్టినవారు ఒకరున్నారు. తలుపు లోపలికి తెరుచుకునేలా బిగించినవారు ఒకరున్నారు. వాడే మనిషిని ఒక్క మాట అడగకుండా ప్లాను గీసినవారు ఉన్నారు. ఇవన్నీ మనుషులు తీసుకున్న నిర్ణయాలే. మనుషులు మార్చగలిగినవే.

ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం ఏడాదికి సుమారు 6,84,000 మంది పడిపోవడం వల్ల చనిపోతున్నారు. ప్రమాదవశాత్తు గాయాలతో జరిగే మరణాల్లో రోడ్డు ప్రమాదాల తర్వాత స్థానం దీనిదే. ఈ మరణాల్లో 80 శాతానికి పైగా మనలాంటి పేద, మధ్యాదాయ దేశాల్లోనే జరుగుతున్నాయి. ముట్లుడిగిన తర్వాత స్త్రీల ఎముకలు త్వరగా గుల్లబారతాయి. అదే పాటు మగవాడు పడితే వాపుతో పోయేది, ఆమెకు తుంటి ఎముక విరగవచ్చు. తుంటి విరిగి మంచాన పడితే పడకపుండ్లు, ఊపిరితిత్తుల్లో నిమ్ము, ఆ తర్వాత ఏమవుతుందో మీరు మీ ఊళ్లలో చూసే ఉంటారు. చావుకు కారణం పడటం అని ఎవరూ రాయరు. ముసలితనం అని రాస్తారు.

ఈ నేల మీద ఎందుకు మరీ ముఖ్యం

మనది ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన పడే ప్రాంతం. 2022 ఏప్రిల్‌లో జిల్లాను రెండుగా చేసి అనంతపురం అనీ, శ్రీ సత్యసాయి జిల్లా అనీ పేర్లు పెట్టారు కానీ కరువుకు రెండు పేర్లు లేవు. వేరుశనగ పంట పోయిన ఏడు వయసులో ఉన్నవాళ్లు బెంగళూరుకో కేరళకో పోతారు. ఇంట్లో ముసలివాళ్లు, పిల్లలు మిగులుతారు. పడిపోతే లేపే చెయ్యి ఆ ఇంట్లో ఉండదు.

బోరు లోతుకు పోయేకొద్దీ చాలా ఊళ్లలో ఫ్లోరైడ్ సమస్య కూడా వచ్చింది. ఈ జబ్బును మన దేశంలో మొదట 1937లో అప్పటి నెల్లూరు జిల్లాలో గుర్తించారు. తాగే నీటిలో లీటరుకు 1.5 మిల్లీగ్రాములు మించి ఫ్లోరైడ్ ఉండకూడదని మన ప్రమాణం. అంతకంటే చాలా ఎక్కువున్న నీళ్లు ఏళ్ల తరబడి తాగినవాళ్లకు వెన్ను, మోకాళ్లు, కీళ్లు బిగుసుకుపోతాయి. 1990ల మధ్యలో సత్యసాయి తాగునీటి పథకం వచ్చింది, చాలా ఊళ్లకు మంచి నీళ్లు అందాయి. కానీ అంతకు ముందే బిగుసుకుపోయిన మోకాలు మంచి నీళ్లు వచ్చాక సడలదు. ఆ స్త్రీ గొంతుక్కూర్చోలేదు. కూర్చుంటే లేవలేదు.

పోలియో సంగతీ అంతే. 2014 మార్చిలో మన దేశాన్ని పోలియో లేని దేశంగా ప్రకటించారు. చాలా సంతోషం. కానీ చిన్నప్పుడు పోలియో వచ్చిన ఆడపిల్లలు ఇప్పుడు నలభై, యాభై ఏళ్ల స్త్రీలు. ఇన్నాళ్లూ శరీరాన్నంతా మోసిన మంచి కాలు ఇప్పుడు అరిగిపోతోంది. ధర్మవరంలో గుంతమగ్గం మీద ఏళ్లకేళ్లు కూర్చున్న స్త్రీల నడుము, మోకాళ్ల నొప్పుల గురించి నేను వేరే చెప్పనక్కరలేదు.

కరువు బచ్చలిలోకి ఇంకో దారిన కూడా వస్తుంది. నీళ్లు ఎప్పుడొస్తాయో తెలియదు కాబట్టి డ్రమ్ములు, బిందెలు, తొట్టి అన్నీ ఆ గదిలోనే పెడతారు. కాలు పెట్టే చోటు మూరెడు మిగులుతుంది. నీళ్లు పొదుపు చేయాలి కాబట్టి సబ్బు నురగ పూర్తిగా పోయేదాకా ఎవరూ బండ కడగరు. తాడిపత్రి బండలు మనకు గర్వకారణమే. కానీ పాలిష్ పట్టిన బండ మీద సబ్బు జిడ్డు ఉంటే పడుచు కాలు కూడా నిలవదు.

ఇక అన్నిటికంటే నన్ను కలవరపెట్టేది స్త్రీలు దీనికి చెప్పుకున్న పరిష్కారం. నీళ్లు తాగడం మానేస్తారు. మధ్యాహ్నం తర్వాత గుక్కెడు నీళ్లు ముట్టని స్త్రీలను నేను ఊరూరా చూశాను. రాత్రి లేవాల్సి వస్తుందని, లేస్తే ఎవరినో లేపాలని భయం. కళ్యాణదుర్గం వైపు ఒక ఊళ్లో ఒకామె నాతో అన్నది: "కాలు లేనిదానికి ఇంత బాధ లేదు మ్మా. ఒగరు రావాల, పట్టుకోవాల, నేను ముడుచుకుని కూర్చోవాల. అదే నాకు బాధ." ఎండాకాలంలో అనంతపురం జిల్లాలో నీళ్లు తాగకుండా ఉండటమంటే ఏమిటో, దానివల్ల మూత్రపు మంట, రాళ్లు ఎలా వస్తాయో ఆరోగ్య కార్యకర్తలకు తెలుసు.

రెండో పక్క ఆమెను లేపే స్త్రీ ఉంది. ఎక్కువ ఇళ్లలో అది కోడలో కూతురో. రోజుకు నాలుగైదుసార్లు ఒక పెద్ద మనిషిని చంకల్లో చేతులు పెట్టి లేపాలి. ఆమె నడుము పోతుంది. ఆమె కూలి పోతుంది. ఆ చాకిరీకి లెక్క లేదు, పేరు లేదు. ఒక కమ్మి పెడితే ఇద్దరు స్త్రీలకూ ఊపిరి ఆడుతుంది. అందుకే దీన్ని నేను వైద్యం సంగతిగా చూడను. ఇది స్త్రీల పని సంగతి, స్త్రీల మర్యాద సంగతి.

గోడను బట్టి పని

ఇప్పుడు పనిలోకి వస్తాను. దయచేసి రాసుకోండి. కమ్మి లేకపోవడం కంటే ఊడిపోయే కమ్మి ప్రమాదం. లేనప్పుడు మనిషి భయపడుతూ అడుగేస్తుంది. ఉన్నప్పుడు నమ్మి మొత్తం బరువు వేస్తుంది. తువ్వాలు ఆరేసే కడ్డీని పట్టుకుని, అది రెండు స్క్రూలతో సహా చేతిలోకి రాగా వెల్లకిలా పడ్డవాళ్లు ఉన్నారు. తువ్వాలు కడ్డీ తువ్వాలు బరువుకే. రబ్బరు గిన్నెలతో గోడకు అతుక్కునే కమ్మీలు కూడా అమ్ముతున్నారు. గాలి పట్టు మీద నిలిచేవాటికి మనిషి బరువు అప్పగించకూడదు.

కాబట్టి మొదట గోడ ఏమిటో చూడాలి. గోడ మీద చేత్తో కొట్టి చూస్తే చాలదు. పూత వెనక ఏముందో అడిగి తెలుసుకోవాలి.

మన పాత మిద్దె ఇండ్లు రాయి, మట్టితో కట్టినవి. పైన సిమెంటు పూత ఉన్నా లోపల రాళ్లను పట్టుకున్నది మట్టే. అందులో డ్రిల్లు వేసి బోల్టు బిగిస్తే మొదట గట్టిగానే ఉంటుంది. తడి తగిలేకొద్దీ మట్టి వదులై ఒకరోజు రాయితో సహా వస్తుంది. అలాంటి గోడకు కమ్మి బిగించవద్దు. నేలలో పాతండి.

పెరట్లో బండలు నిలిపి కట్టుకున్న బచ్చలి అయితే, ముందు ఆ బండ కదలకుండా ఉందో లేదో చూడాలి. గట్టిగా ఉంటే అంచు నుంచి జానెడు లోపలికి, దెబ్బ లేకుండా తిప్పుడు మీదే రంధ్రం వేయాలి. సుత్తి దెబ్బతో వేస్తే బండ చీలుతుంది. బోల్టు ఇటునుంచి అటు పోవాలి. అవతల పెద్ద వాషరు పెట్టి నట్టు బిగించాలి. బండ ఏమాత్రం ఊగినా నేలలో పాతడమే మేలు.

2014 అక్టోబరులో మొదలైన స్వచ్ఛ భారత్ కింద ఇంటింటికీ 12,000 రూపాయల సాయంతో కట్టిన మరుగుదొడ్లు మన ఊళ్లనిండా ఉన్నాయి. వాటిలో చాలావాటికి నాలుగంగుళాల గోడలే. కొన్ని బోలు ఇటుకలతో కట్టారు. బోలు ఇటుకలో మామూలు ప్లగ్గు నిలవదు. ఇక్కడ కూడా బోల్టు గోడను దాటి బయటికి రావాలి, బయట అరచేతి వెడల్పు ఇనుప పలక పెట్టి నట్టు వేయాలి. అప్పుడు బరువు ఒక ఇటుక మీద పడకుండా గోడ మీద పడుతుంది.

తొమ్మిదంగుళాల కాల్చిన ఇటుక గోడ, కాంక్రీటు గోడ అయితే విస్తరించే బోల్టులు చాలు. బోల్టు ఇటుక మధ్యలోకి పోవాలి, సందులోకి కాదు. పూత మందం, పలక మందం వదిలేసి ఇటుకలోకి కనీసం రెండున్నర అంగుళాలు పోవాలి. కమ్మికి రెండు చివరలా మూడేసి బోల్టులు ఉండాలి. రంధ్రం వేసేముందు గోడలో నీళ్ల పైపు, కరెంటు తీగ ఎటు పోతున్నాయో కనుక్కోండి.

నేలలో పాతే పద్ధతి చెబుతాను, ఎందుకంటే మన పల్లెలకు ఎక్కువగా పనికొచ్చేది అదే. అంగుళం జి.ఐ. పైపు తీసుకోండి. దాని బయటి మందం సుమారు 33 మిల్లీమీటర్లు ఉంటుంది, ఆడవాళ్ల పిడికిలికి సరిపోతుంది. అంగుళంపావు పైపు బయటికి 42 మిల్లీమీటర్లు ఉంటుంది, వేళ్లు వంగని చేతికి పట్టు దొరకదు. ఇరవై అడుగుల పైపును సగానికి కోస్తే రెండు చట్రాలు వస్తాయి. పీట నిలబెట్టినట్టు, రెండు కాళ్లు, పైన రెండడుగుల అడ్డం. నేల పైన 28 నుంచి 30 అంగుళాలు, నేల లోపల 18 అంగుళాలు. లోపలి చివరలకు తలుపు చట్రాలకు వేసే హోల్డ్‌ఫాస్టుల్లాగా అడ్డముక్కలు వెల్డింగ్ చేయించాలి. లేకపోతే గొట్టం గిర్రున తిరుగుతుంది. అడుగు వెడల్పు, అడుగున్నర లోతు గుంతలు రెండు. ఒక చట్రానికి సగం బస్తా సిమెంటు, దాదాపు మూడు తట్టల ఇసుక, ఆరు తట్టల కంకర పడతాయి. దొడ్డి పళ్లెం నుంచి గుంతకు పోయే పైపు ఎటుందో చూసుకుని ఆ వైపు తవ్వకండి.

కాంక్రీటు వేశాక ఏడు రోజులు తడిగా ఉంచాలి. మన దగ్గర నీళ్లు లేవు కదా అంటారు. గోనెపట్టా చుట్టి పొద్దున, సాయంత్రం చెంబెడు నీళ్లు చల్లితే చాలు. ఆ ఏడు రోజులూ ఎవరూ పట్టుకోకుండా చూడాలి. వెల్డింగ్ చేసిన చోట గరుకులు ఆకురాయితో పోగొట్టి, రంగు వేయించాలి. లేకపోతే మన ఉప్పు నీళ్లకు ఆ అతుకులే ముందు తుప్పు పడతాయి.

గోడకు బిగించేదైతే గోడకూ కమ్మికీ మధ్య ఒకటిన్నర అంగుళం ఖాళీ ఉండాలి. తక్కువైతే వేళ్లు పట్టవు. మరీ ఎక్కువైతే జారినప్పుడు మోచెయ్యి దాకా సందులోకి పోయి విరుగుతుంది. లేచి నిలబడటానికి, గడప దాటడానికి నిలువు కమ్మి మంచిది. కూర్చుని ఉన్నప్పుడు ఒత్తి లేవడానికి అడ్డం కమ్మి మంచిది. ఏటవాలుగా పెడితే తడి చెయ్యి కిందికి జారిపోతుంది.

చివరిగా పరీక్ష. అమెరికా ప్రమాణం ప్రకారం కమ్మి 250 పౌండ్లు, అంటే సుమారు 113 కిలోలు ఆపాలి. మనకు తూకం అక్కరలేదు. బిగించిన మేస్త్రీనే రెండు చేతులా పట్టుకుని తన బరువంతా వేయమనండి. పక్కలకు లాగమనండి. కూలి డబ్బులు ఆ తర్వాతే ఇవ్వండి. నెలకోసారి మనమే ఊపి చూడాలి. కొంచెం కదిలినా బాగుచేసేదాకా గుడ్డ కట్టి, వాడవద్దని చెప్పాలి.

ఇంకో హెచ్చరిక. చలికాలంలో బకెట్‌లో కరెంటు కాయిల్ పెట్టి నీళ్లు కాచేవాళ్లున్నారు. ఇనుప కమ్మి, తడి నేల, కరెంటు కాయిల్ ఒకే గదిలో ఉండకూడదు. నీళ్లు బయట కాచి లోపలికి తేవాలి.

కమ్మి ఒక్కటే చాలదు కూడా. బండ మీద ఉలితో అడ్డగాట్లు పెట్టించండి, లేదా గరుకు ముఖం పైకి వచ్చేలా మార్పించండి. తలుపు బయటికి తెరుచుకోవాలి. లోపలికి తెరుచుకుంటే పడ్డ మనిషే తలుపుకు అడ్డమవుతుంది, కాపాడటానికి పోయినవాళ్లు బయటే నిలబడాలి. గడియ బయటి నుంచి కూడా తీయగలిగేలా ఉండాలి. ఇంటి నుంచి పెరటి మరుగుదొడ్డి దాకా లైటు ఉండాలి. డ్రమ్ములు గది బయట పెట్టి, లోపలికి ఒక బకెట్ మాత్రమే తేవాలి.

ఎవరి ఎత్తుకు?

మేస్త్రీ వచ్చాక జరిగేది చూడండి. "ఎంత ఎత్తు పెట్టమంటావయ్యా?" అని ఇంటి మగవాణ్ని అడుగుతాడు. అతను తన నడుము దగ్గర చెయ్యి పెట్టి చూపిస్తాడు. అతను ఐదడుగుల ఎనిమిదంగుళాలు, వాళ్లమ్మ నాలుగడుగుల పది. కమ్మి ఆమె రొమ్ము దగ్గరికి వస్తుంది. అంత ఎత్తున పట్టుకుని ఒత్తి లేవడానికి బలం రాదు. రెండు రోజులు చూసి ఆమె మళ్లీ బకెట్ అంచే పట్టుకుంటుంది. "పెట్టించినా వాడదు" అని ఇంట్లోవాళ్లు అంటారు.

వాడే మనిషే కొలత. ఆమెను నిలబెట్టి, మోచెయ్యి కొద్దిగా వంచి అరచెయ్యి కిందికి ఒత్తమనండి. అరచెయ్యి ఆగిన చోట బొగ్గుతో గీత గీయండి. పైకమ్మి ఎత్తు అదే. తర్వాత బట్టలతోనే దొడ్డి పళ్లెం మీద కూర్చోమనండి. గొంతుక్కూర్చున్నప్పుడు చెయ్యి సహజంగా ఎక్కడికి చాచుతుందో అక్కడ రెండో గీత గీయండి. కింది అడ్డం అక్కడ రావాలి, దానికి ఇంకో రెండడుగుల పైపు ముక్క చాలు. పక్షవాతం వచ్చిన స్త్రీకి మంచి చెయ్యి ఎటుందో చూడాలి. లోపలికి పోయేటప్పుడు కుడివైపున్నది బయటికి వచ్చేటప్పుడు ఎడమవైపు అవుతుంది. కాబట్టి వాకిట్లో రెండు పక్కలా కమ్మి కావాలి. గొంతుక్కూర్చోలేని స్త్రీకి పళ్లెం రెండు పక్కలా ఇటుక దిమ్మెలు కట్టి పీటలాగా చేయవచ్చు. మధ్యలో కోసిన ప్లాస్టిక్ కుర్చీని మాత్రం నమ్మవద్దు, దాని కాళ్లు తడి బండ మీద విచ్చుకుంటాయి.

ఈ కొలత పరాయి మగవాడి ముందు ఏ స్త్రీ ఇవ్వదు. సిగ్గుతో "ఎక్కడైనా పెట్టు నాయనా" అంటుంది. అందుకే టేపు మన చేతిలో ఉండాలి. జార్ఖండ్‌లో స్వచ్ఛ భారత్ సమయంలో స్త్రీలు తాపీపని నేర్చుకున్నారు, వాళ్లను రాణీ మిస్త్రీలని పిలిచారు. మన సంఘాల్లో తట్టలు మోసిన స్త్రీలు ఎంతమంది లేరు? ఏళ్ల తరబడి మేస్త్రీ పక్కన నిలబడి చూసినవాళ్లకు తాపీ పట్టుకోవడం కొత్త కాదు. డ్రిల్ మిషన్ ఒకటి సంఘం కొనుక్కుంటే మండలమంతా తిరగవచ్చు.

చట్టం ఏమంటుంది

1995లో వికలాంగుల చట్టం వచ్చింది. దాని స్థానంలో 2016 చట్టం వచ్చి 2017 ఏప్రిల్ నుంచి అమల్లో ఉంది. ఇందులో మనకు మూడు సెక్షన్లు ముఖ్యం. ఐదో సెక్షన్ వికలాంగులకు సమాజంలో జీవించే హక్కు ఇస్తుంది. వయసును, స్త్రీ పురుష భేదాన్ని దృష్టిలో పెట్టుకుని ఇంటి దగ్గరే సహాయ సేవలు అందేలా చూడాలంటుంది. ఇరవై నాలుగో సెక్షన్ సామాజిక భద్రత గురించి. సురక్షితమైన తాగునీరు, వికలాంగులు వాడుకోగలిగిన పారిశుధ్య సౌకర్యాలు, ముఖ్యంగా పల్లెల్లోనూ పట్టణ మురికివాడల్లోనూ ఉండాలని అందులో రాసి ఉంది. ముప్పై ఏడో సెక్షన్ ఇళ్ల పథకాల్లో 5 శాతం కేటాయింపు ఇస్తూ వికలాంగ స్త్రీలకు ప్రాధాన్యం ఇవ్వాలంటుంది. 2015లో కేంద్ర తాగునీటి, పారిశుధ్య మంత్రిత్వ శాఖ వికలాంగుల ఇళ్లలో మరుగుదొడ్లు ఎలా కట్టాలో ఒక చేతిపుస్తకమే వేసింది. అంటే ప్రభుత్వానికి తెలియని విషయం కాదు.

2024 నవంబరు 8న రాజీవ్ రతూరి కేసులో సుప్రీంకోర్టు గట్టి తీర్పు ఇచ్చింది. వికలాంగులకు అనుకూలంగా కట్టడమన్నది సలహాగా ఉంటే సరిపోదు, తప్పనిసరి నియమాలు చేయాలి అన్నది. మంచి తీర్పు. దానివల్ల ఆఫీసులకు, బస్టాండ్లకు, బడులకు ర్యాంపులు, కమ్మీలు రావాలి. మనం అడగాలి కూడా. కానీ మన స్త్రీలలో ఎక్కువమంది రోజంతా గడిపేది ఆఫీసులో కాదు, ఇంట్లో. ఇంటి లోపల ఏం పెట్టాలో, దేనికి ఖర్చు చేయాలో నిర్ణయించేది ఇంటి పెద్ద. టీవీకి డబ్బులుంటాయి, బచ్చలి కమ్మికి ఉండవు. గృహహింస విషయంలో "ఇల్లు మా సొంతం, లోపలి సంగతి మాది" అన్న మాటను మనం ఒప్పుకోలేదు. ఇక్కడా ఒప్పుకోనక్కరలేదు.

2007 నాటి తల్లిదండ్రుల, వృద్ధుల పోషణ చట్టం కూడా గుర్తుంచుకోండి. పోషణ అంటే తిండి, బట్ట, ఇల్లు, వైద్యం అని ఆ చట్టం చెబుతుంది. కమ్మి అన్న మాట అందులో లేదు. కానీ తల్లిని సురక్షితం కాని గదిలో వదిలేయడం పోషణ అవుతుందా అని ట్రిబ్యునల్ ముందు మనం అడగవచ్చు.

2006 ఫిబ్రవరి 2న ఉపాధి హామీ పథకం ఈ జిల్లాలోనే, నార్పల మండలం బండ్లపల్లిలో మొదలైంది. అంతకు ముందు కరువు పని అంటే దయ. సర్కారు తలచుకుంటే పెట్టేది, లేకపోతే లేదు. పని అడగడం హక్కు అని ఆ చట్టం చెప్పాక అడిగే గొంతు మారింది. దరఖాస్తు ఇచ్చి రసీదు అడగడం మన స్త్రీలు నేర్చుకున్నారు. నేను కోరేది అదే గొంతు. "మా కోడలు మంచిది, పట్టుకుని తీసుకుపోతుంది" అన్న చోట "నాకు కమ్మి కావాలి, నేనే పోతాను" అనగలగాలి.

మనం చేయవలసినవి

నాలుగు పనులు చెప్పి ముగిస్తాను.

ఒకటి. సంఘాల్లో ఇంటింటి సర్వే చేసేటప్పుడు మరుగుదొడ్డి ఉందా లేదా అని ఒక్కటే అడుగుతున్నాం. ఇంకా మూడు ప్రశ్నలు చేర్చండి. ఇంట్లో దాన్ని వాడలేని మనిషి ఎవరు? ఎందుకు వాడలేరు? గడిచిన ఏడాదిలో ఆ గదిలో ఎవరైనా పడ్డారా? చివరి ప్రశ్నను ఆమెను విడిగా కూర్చోబెట్టే అడగండి. ఒకవేళ ఆ పడటం వెనక ఒక చెయ్యి ఉంటే అదీ అప్పుడే బయటికి వస్తుంది.

రెండు. ఆ జాబితాతో గ్రామసభకు పోండి. 24వ సెక్షన్, 37వ సెక్షన్ పేరు రాసి సచివాలయంలో అర్జీ ఇచ్చి రసీదు తీసుకోండి. కొత్త ఇళ్ల పథకం ఏది వచ్చినా, కట్టేటప్పుడే కమ్మీలు పెట్టమని అడగండి. కట్టేటప్పుడు గోడలో ఒక కాంక్రీటు దిమ్మె వదిలితే తర్వాత ఎప్పుడైనా కమ్మి బిగించుకోవచ్చు. కట్టాక పగలగొట్టి పెట్టాలంటే ఖర్చు రెట్టింపు.

మూడు. సర్కారు ఇచ్చేదాకా ఆగవద్దు. పొదుపు సంఘం నుంచి చిన్న అప్పు, ఒక పూట మేస్త్రీ పని, పది అడుగుల పైపు, సగం బస్తా సిమెంటు. ప్రతి సంఘం ఈ మూడు నెలల్లో ఒక్క ఇంట్లో పెట్టి చూపించండి. పక్కింటివాళ్లు వచ్చి ఊపి చూస్తారు. ఆ తర్వాత వాళ్లే అడుగుతారు. అద్దె ఇళ్లలో యజమాని గోడ తొలవనివ్వకపోతే నేలలో పాతే చట్రం గురించి మాట్లాడండి.

నాలుగు. నిర్ణయం ఆమెదిగా ఉండనివ్వండి. ఒకామె కమ్మి వద్దు, కోడలే కావాలి అనవచ్చు. ఒకామె ఎడమవైపు వద్దు కుడివైపు కావాలి అనవచ్చు. మనకు తెలిసిన కొలతకంటే ఆమె చెయ్యి ఆగిన చోటే సరైన కొలత. ఆమెకోసం అని మనమే అన్నీ నిర్ణయిస్తే, మేస్త్రీకీ మనకూ తేడా లేదు.

సమావేశం అయ్యాక తాడు, టేపు, బొగ్గుముక్కతో కొలతలు ఎలా తీయాలో బయట పందిట్లో చేసి చూద్దాం. ప్రతి మండలం నుంచి వచ్చినవాళ్లలో ఇద్దరైనా నేర్చుకుని పోవాలి. వచ్చే మూడు నెలల్లో ఎన్ని ఇళ్లలో బిగించారో, ఎన్ని ఊడాయో, ఎందుకు ఊడాయో రాసి ఈ పత్రికకు పంపండి. ఊడినవాటి సంగతి తప్పక రాయండి, మిగతావాళ్లకు ఎక్కువగా పనికొచ్చేది అదే.